పాత ట్రాలీ కొనేముందు ఇంజను చల్లారనివ్వండి

హుస్సేనీ ఆలం గల్లీల్లో పెద్ద లారీ తిరగదు. ఒకవైపు ఖిల్వత్, ఇంకోవైపు దూద్ బౌలి, దగ్గర్లోనే మహబూబ్ చౌక్. వీటి మధ్య సరుకు కదలాలంటే చిన్న ట్రాలీయే దిక్కు. లాడ్ బజారు గాజుల పెట్టెలు, పెళ్ళిళ్ళ షామియానాలు, కుర్చీలు, మంచినీళ్ళ క్యాన్లు, బేగం బజారు నుంచి వచ్చే కిరాణా బస్తాలు ఇలాంటి బళ్ళమీదే ఇళ్ళకూ దుకాణాలకూ చేరతాయి. ఈ పనిమీద బతికే కుటుంబాల్లో చాలామందికి కొత్త బండి కొనే స్తోమత ఉండదు. పదీ పన్నెండేళ్ళు తిరిగిన డీజిల్ ట్రాలీని అప్పు చేసి, తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని కొంటారు. బేరం బాగా కుదిరితే ఇల్లు నిలబడుతుంది. చెడితే నెల తిరక్కుండా ఇంజను విప్పాల్సి వస్తుంది. అప్పుమీద అప్పు పడుతుంది.

అమ్మేవాళ్ళు మామూలుగా మూడు సంగతులు చెబుతారు. మోడల్ ఏ సంవత్సరానిది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, పెయింటు ఎంత కొత్తగా ఉంది. మీటరును వెనక్కి తిప్పవచ్చు, పెయింటు రెండు రోజుల పని. ఇక మోడల్ సంవత్సరం నిజమే అయినా అది సగం సంగతే చెబుతుంది. డీజిల్ బండి అసలు వయసు అది మోసిన బరువులోనూ తట్టుకున్న వేడిలోనూ ఉంటుంది. ఒకే రోజు షోరూం దాటిన రెండు ట్రాలీల్లో ఒకటి నీళ్ళ క్యాన్లు మోసి, వేళకు ఆయిల్ మార్చుకుని ఉండొచ్చు. రెండోది ఇసుక, ఇటుక మోసి, నీళ్ళు లేని రేడియేటర్‌తో పరిగెత్తి ఉండొచ్చు. కాగితాలమీద రెండూ ఒకటే. ఇంజను లోపలా ఛాసిస్ మీదా మాత్రం వాటి చరిత్రలు వేరువేరుగా రాసి ఉంటాయి. ఆ రాత చదవడానికి బడిలో నేర్చుకున్న భౌతికశాస్త్రం చాలు.

జహీరాబాద్ నుంచి చోటా హాథీ దాకా

1980లలో జపాన్ కంపెనీల సాంకేతిక సహకారంతో మన దేశంలో నాలుగు తేలికపాటి ట్రక్కులు మొదలయ్యాయి. డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, అల్విన్ నిస్సాన్. నాలుగోది మన గడ్డమీద పుట్టింది. ఫ్రిజ్‌లకూ గడియారాలకూ బస్సు బాడీలకూ పేరుపడ్డ హైదరాబాద్ అల్విన్ సంస్థే జహీరాబాద్‌లో నిస్సాన్ ట్రక్కులు తయారు చేయించింది. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వెళ్ళింది. ఈ పోటీకి జవాబుగా 1986లో టాటా 407 వచ్చింది. 1988లో టాటామొబైల్ వచ్చింది. టాటా 207 పికప్ దాని వంశంలోదే.

గల్లీల లెక్క మార్చింది మాత్రం 2005 మే నెలలో వచ్చిన టాటా ఏస్. 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 హార్స్ పవర్, 750 కిలోల మోత. ‘చోటా హాథీ’ అన్న పేరు పాతబస్తీలో అసలు పేరుకన్నా ఎక్కువ వినిపిస్తుంది. 2010లో మహీంద్రా మాక్సిమో, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చాయి. 2015లో జీతో వచ్చింది. దాన్ని తయారుచేసింది జహీరాబాద్‌లోని మహీంద్రా కర్మాగారంలోనే. వీటికన్నా పెద్ద మోత కావాలనుకునేవాళ్ళు బొలేరో పికప్ చూస్తారు. ఇవాళ పాత బళ్ళు కొని అమ్మే కన్సల్టెన్సీల ముందు అమ్మకానికి నిలబడి ఉన్న పాత బళ్ళలో ఎక్కువ భాగం ఈ కుటుంబాలవే.

బండి దగ్గరికి వెళ్ళగానే నంబరు ప్లేటు కొంత చెప్పేస్తుంది. హైదరాబాద్‌లోనే ‘ఏపీ’ అక్షరాలతో రిజిస్టరైన బండి తెలంగాణ ఏర్పడకముందుది, అంటే 2014 జూన్‌కు ముందుది. ‘టీఎస్’ ఉంటే ఆ తర్వాత పదేళ్ళలోపుది. ‘టీజీ’ మొదలైంది 2024 మార్చిలో. ఇంతకన్నా ముఖ్యమైనది కాలుష్య ప్రమాణం. హైదరాబాద్‌తో సహా పెద్ద నగరాల్లో భారత్ స్టేజ్-4 ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. దేశమంతటా తప్పనిసరైంది 2017 ఏప్రిల్ 1న. 2020 ఏప్రిల్ 1 నుంచి స్టేజ్-6 వచ్చింది. ఏ ప్రమాణం బండి కొంటున్నామో తెలిస్తే లోపల ఏ రకం డీజిల్ పంపు ఉండొచ్చో, చెడితే ఎంత ఖర్చో ముందే ఊహించవచ్చు.

నిప్పురవ్వ లేకుండా మండే ఇంధనం

పెట్రోల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ నిప్పు పెడుతుంది. డీజిల్ ఇంజనులో ఆ పని గాలి చేస్తుంది. పిస్టన్ పైకి వస్తూ సిలిండర్‌లోని గాలిని దాదాపు ఇరవయ్యో వంతు చోటులోకి అదిమేస్తుంది. గాలిని ఇంత వేగంగా అదిమితే అది వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని ఇరవై రెట్లు కుదిస్తే దాని ఉష్ణోగ్రత లెక్క ప్రకారం 590 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరుతుంది. డీజిల్ దానంతటది అంటుకోవడానికి 210 నుంచి 250 డిగ్రీలు చాలు. కాబట్టి ఆ క్షణంలో నాజిల్ చిమ్మిన డీజిల్ తుంపర తనంతట తానే మండుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజను ఈ సూత్రం మీదే పనిచేసింది.

పాత బండి కొనేవాడికి ఈ సూత్రంలోనే ఒక గట్టి పరీక్ష దొరుకుతుంది. పిస్టన్ రింగులు అరిగాయనుకోండి. కుదింపు సమయంలో కొంత గాలి రింగుల పక్కనుంచి కిందికి జారిపోతుంది. మిగిలిన గాలి అంతగా వేడెక్కదు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఈ లోపం బయటపడదు. సిలిండర్ గోడలు అప్పటికే కాలి ఉంటాయి కనుక ఆ లోటు పూడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు చల్లటి ఇనుము ఉన్న కాస్త వేడినీ లాగేసుకుంటుంది. డీజిల్ అంటుకోవడానికి మొరాయిస్తుంది. అందుకే అరిగిన ఇంజనును అమ్మేవాళ్ళు మనం రాకముందే స్టార్ట్ చేసి, వేడిచేసి పెట్టి ఉంచుతారు.

కనుక బేరానికి వెళ్ళే ముందు ఫోనులోనే మర్యాదగా చెప్పాలి. “భాయ్, పొద్దున్నే వస్తాను, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి.” వెళ్ళగానే, సెల్ఫ్ కొట్టకముందే, ఏస్ అయితే సీటు లేపి ఇంజనుమీద చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా ఉంటేనే పరీక్ష మొదలుపెట్టాలి. వెచ్చగా ఉంటే గొడవ పడనక్కరలేదు, ఇంకోరోజు రావచ్చు. గదిలాంటి ముందరి అరలో డీజిల్ మండే పాత రకం ఇంజనుకు చలికాలంలో గ్లో ప్లగ్గులు సాయం చేస్తాయి. డ్రైవరు ముందు వెలిగే వాటి దీపం ఆరిపోయేదాకా ఆగి, ఒకటి రెండు సెకన్లు సెల్ఫ్ కొడితే అందుకోవాలి. హైదరాబాద్ ఎండల్లో కూడా పదే పదే సెల్ఫ్ కొట్టాల్సి వస్తే, బ్యాటరీ, సెల్ఫ్ మోటారు బాగున్నాయని తేలితే, అనుమానం రింగులమీదికీ వాల్వులమీదికీ నాజిళ్ళమీదికీ వెళ్ళాలి.

పొగ రంగు, బ్యాక్ కంప్రెషన్

స్టార్ట్ అయిన మొదటి నిమిషాలు విలువైనవి. ఒకరు సైలెన్సర్ దగ్గర నిలబడి చూడాలి.

తెల్లపొగ వచ్చి, కళ్ళు మండించే పచ్చి డీజిల్ వాసన ఉంటే ఇంధనం పూర్తిగా మండడం లేదని అర్థం. చల్లటి ఇంజనులో కాసేపు రావడం సహజం. ఇంజను వేడెక్కాక కూడా ఆగకపోతే కుదింపు తగ్గింది, లేదా ఇంధనం చిమ్మే సమయం తప్పింది. తెల్లగానే ఉండి, డీజిల్ వాసన లేకుండా ఆవిరిలా తేలిపోతూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గిపోతుంటే అది హెడ్ గ్యాస్కెట్ సంగతి. నీళ్ళు సిలిండర్‌లోకి వెళ్తున్నాయి.

నీలిపొగ ఇంజన్ ఆయిల్ మండుతున్న గుర్తు. కాసేపు ఐడిలింగ్‌లో ఉంచి ఒక్కసారి రేస్ ఇచ్చినప్పుడు గుప్పున వచ్చి ఆగితే వాల్వ్ సీళ్ళు గట్టిపడి ఉండొచ్చు. అది చిన్న పని. నడుస్తున్నంతసేపూ నీలిపొగ వదులుతుంటే ఇంజను బోరుకు వచ్చినట్టే.

నల్లపొగ అంటే గాలికి మించిన డీజిల్. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, నాజిల్ తుంపరకు బదులు ధారగా కారుతుండొచ్చు. ఇక్కడొక మాయ కూడా జరుగుతుంది. మెకానికల్ పంపు ఉన్న బండిలో డీజిల్ పరిమాణాన్ని స్క్రూతో తగ్గించి పొగ మాయం చేయవచ్చు. అప్పుడు ఖాళీ బండి శుభ్రంగా కనిపిస్తుంది. బరువెక్కిస్తే మాత్రం పికప్ ఉండదు. అందుకే పొగ పరీక్ష బరువుతో చేస్తేనే పూర్తవుతుంది.

తర్వాత ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పాలి. రింగులు దాటి కిందికి జారిన వాయువులు ఆయిల్ గదిలో పీడనం పెంచి, ఆ రంధ్రంలోంచి బయటికి తన్నుతాయి. మెకానిక్‌లు దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. సన్నగా ఆవిరిలా వస్తే పాత ఇంజనుకు మామూలే. గుక్క తిప్పుకోకుండా పొగ కొడుతూ, మూతను తిరగేసి పెడితే ఎగరగొట్టేలా ఉంటే ఆ ఇంజనుకు ఫుల్ పని చేయించాలి. నమ్మకమైన మెకానిక్ దగ్గర డీజిల్ కంప్రెషన్ గేజ్ ఉంటే ఒక్కో సిలిండర్ పీడనం కొలిపించడం ఇంకా మంచిది. అంకె ఎంత వచ్చిందన్నదానితో పాటు సిలిండర్ల మధ్య తేడా చూడాలి. రెండు సిలిండర్ల బండిలో పదిశాతానికి మించి తేడా ఉంటే ఒకటి బలహీనపడిందని అర్థం. 16 హార్స్ పవర్ ఇంజనులో ఒక సిలిండర్ నీరసిస్తే మిగిలేది చాలా తక్కువ.

పంపు ఏ కాలానిది

పాత బళ్ళలో డీజిల్‌ను మెకానికల్ పంపు నాజిల్ దాకా నెడుతుంది. మరమ్మతు తేలిక, ఏ ఊళ్ళో అయినా పంపు పని చేసేవాళ్ళు దొరుకుతారు. మాక్సిమో, దోస్త్ లాంటి బళ్ళతో కామన్ రైల్ పద్ధతి చిన్న ట్రాలీల్లోకి వచ్చింది. ఇందులో ఒక ఉమ్మడి గొట్టంలో వెయ్యి బార్‌కు పైగా పీడనంతో డీజిల్ సిద్ధంగా ఉంటుంది. కంప్యూటర్ చెప్పిన క్షణంలో, చెప్పినంత మేరకు ఇంజెక్టర్ చిమ్ముతుంది. తుంపర సన్నగా ఉంటుంది కనుక పొగ తక్కువ, మైలేజీ ఎక్కువ. అయితే ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే. అక్కడికి చేరిన నీటి చుక్క, సన్నటి ఇసుక రేణువు, కిరోసిన్ కలిపిన డీజిల్ వాటిని త్వరగా చంపేస్తాయి. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీటిని వదిలించి చూస్తే గత యజమాని అలవాట్లు తెలుస్తాయి.

ఒక హెచ్చరిక ఇక్కడ గట్టిగా చెప్పాలి. మెకానికల్ పంపు బండిలో ఏ సిలిండర్ పనిచేయడం లేదో కనుక్కోవడానికి మెకానిక్‌లు నాజిల్ గొట్టం నట్టును ఒక్కొక్కటిగా వదులు చేసి చప్పుడు వింటారు. కామన్ రైల్ బండిలో ఆ పని ఎప్పుడూ చేయకూడదు, చేయనివ్వకూడదు. ఆ పీడనంతో వచ్చే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది. పైకి చిన్న గాయంలా కనిపించినా వేలు, చెయ్యి పోయే ప్రమాదం ఉంది. కామన్ రైల్ బండికి స్కానర్‌తోనే పరీక్ష.

డీజిల్ కూడా మారింది. స్టేజ్-2 కాలంలో దానిలో గంధకం పది లక్షల భాగాలకు 500 భాగాల దాకా ఉండొచ్చు. స్టేజ్-3లో 350, స్టేజ్-4లో 50, ఇప్పటి స్టేజ్-6లో 10. ఇది గాలికి మంచి మార్పు. కానీ గంధకాన్ని తొలగించే శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డుగుణం కూడా తగ్గుతుంది. దాన్ని పూడ్చడానికి రిఫైనరీలు ప్రత్యేక పదార్థాలు కలుపుతాయి. పాత పంపుల్లోని రబ్బరు సీళ్ళు వయసుతో గట్టిపడి, కొత్త రకం ఇంధనానికి కుంచించుకుపోయి కారడం చాలా దేశాల్లో కనిపించింది. కాబట్టి పంపు చుట్టూ తడి, డీజిల్ మరకలు ఉంటే సీళ్ళు మార్చే ఖర్చు బేరంలో కలుపుకోవాలి.

నీళ్ళు: తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే

చిన్న డీజిల్ ఇంజను ప్రాణం దాని చల్లదనంలో ఉంది. హైదరాబాద్ బోరునీళ్ళలో సున్నపు లవణాలు ఎక్కువ. కూలెంట్ బదులు ఆ నీళ్ళే ఏళ్ళ తరబడి పోస్తే రేడియేటర్ గొట్టాల్లో, ఇంజను నీటి దారుల్లో పొర కడుతుంది. ఆ పొర ఇనుముతో పోలిస్తే వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది. ఒకచోట వేడి నిలిచిపోయి సిలిండర్ హెడ్ వంకర తిరుగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూడాలి. తుప్పురంగు నీళ్ళు, పైన ఆయిల్ జిడ్డు, స్టార్ట్ చేశాక ఆగకుండా వచ్చే బుడగలు చెడ్డ గుర్తులు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలుకలిపిన టీ రంగులో ఉంటే ఆ బండి దగ్గర ఇక నిలబడనక్కరలేదు.

రెండో ముప్పు వరద. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీ దక్షిణాన చెరువుల కట్టలు తెగి కాలనీలకు కాలనీలే మునిగాయి. ఇళ్ళ ముందున్న బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలా మునిగిన బండిని ఆరబెట్టి, తుడిచి అమ్మడం కష్టం కాదు. డీజిల్ ఇంజనుకు నీళ్ళు ఎందుకంత ప్రమాదమో ఒక చిన్న లెక్క చెబుతుంది. 702 సీసీ రెండు సిలిండర్లంటే ఒక్కోదాని వాటా 351 సీసీ. కుదింపు 22 రెట్లనుకుంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 17 సీసీ కూడా ఉండదు. అంటే మూడున్నర టీ చెంచాల నీళ్ళు ఆ చోటును నింపేస్తాయి. గాలి అణుగుతుంది, నీరు అణగదు. నీళ్ళున్న ఇంజనుకు సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కాస్త వంగిన రాడ్‌తో కూడా బండి నడవవచ్చు. ఆ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా పైకి రాదు కనుక కుదింపు తగ్గి, చప్పుడు తేడాగా ఉంటుంది. కొన్ని నెలల తర్వాత రాడ్ విరిగి ఇంజను బ్లాకునే పగలగొట్టవచ్చు.

మునిగిన బండిని గుర్తుపట్టడానికి సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి, లోపలి భాగంలో బురద గీత మిగిలి ఉంటుంది. హెడ్‌లైట్ లోపల మట్టి, ఫ్యూజు పెట్టెలో పచ్చగా పట్టిన రాగి, సీటు కింద మూలల్లో ఒండ్రు అదే మాట చెబుతాయి.

ఇనుము అలసిపోతుంది

ఇంజను పాడైతే మార్చవచ్చు. ఛాసిస్ పాడైతే బండి కథ ముగిసినట్టే. లోహం ఒక్కసారి పడ్డ పెద్ద బరువుకన్నా వేలసార్లు పడే మోస్తరు బరువుకే ఎక్కువగా విరుగుతుందని పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. ప్రతి గుంతకూ ఇనుము కాస్త వంగి తిరిగి లేస్తుంది. బోల్టు రంధ్రం దగ్గరో వెల్డింగ్ అతుకు దగ్గరో సన్నటి పగులు పుడుతుంది. ప్రతి కుదుపుకూ అది పెరుగుతుంది. ఒకరోజు తెగుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు.

బరువు పెంచితే ఈ అలసట ఎంత వేగంగా పెరుగుతుందో చూడండి. వెల్డింగ్ అతుకుల ఆయుష్షు వాటిమీద పడే ఒత్తిడి ఘనానికి విలోమంగా తగ్గుతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. ఏస్ మొత్తం బరువు, సరుకుతో కలిపి, 1,550 కిలోలు దాటకూడదు. 750 కిలోలు మోయాల్సిన బండిమీద టన్నున్నర వేస్తే మొత్తం 2,300 కిలోలవుతుంది. ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఒకటిన్నర ఘనం 3.4. అంటే ఆ బండి ఛాసిస్ అతుకుల ఆయుష్షు మూడో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. నాలుగేళ్ళు అలా పరిగెత్తిన బండి ఉక్కు పద్నాలుగేళ్ళు నడిచినంత అలసిపోతుంది. మోడల్ సంవత్సరం సగం సంగతే చెబుతుందనడానికి ఇదే కారణం.

అధిక బరువు మోసిన బండి ఆ సంగతిని దాచలేదు. వెనక కమాన్ పట్టీలు లెక్కపెట్టాలి. కంపెనీ ఇచ్చినదానికన్నా పట్టీ అదనంగా వేయించి ఉంటే ఆ బండి ఎలాంటి పని చేసిందో తెలిసినట్టే. పట్టీలు వంపు పోయి చదునుగా ఉన్నా, ఒకవైపు కిందికి వాలి ఉన్నా అదే అర్థం. తర్వాత కిందికి దూరి, టార్చి వేసి, ఛాసిస్ పొడవునా చూడాలి. కమాన్ బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ వెనక, అడ్డ కమ్మీలు కలిసేచోట కొత్త వెల్డింగ్, కొత్త నల్ల పెయింటు ఉంటే ఆగి పరీక్షించాలి. పగులు ఉన్నచోట పెయింటు సన్నటి గీతలా చీలి, అక్కడినుంచి తుప్పు మరక కారుతుంది.

తుప్పు గురించి పాతబస్తీ కొనుగోలుదారుకు కొంత ఊరట ఉంది. హైదరాబాద్ సముద్రానికి దూరం. అయితే బండి ఎక్కడ తిరిగిందో అడగాలి. కాకినాడ, మచిలీపట్నం, విశాఖపట్నం తీరంలో తిరిగినా, మంచు పెట్టెల్లో చేపలు మోసినా ఉప్పునీరు ట్రాలీ చెక్కల కిందికి దిగి ఉంటుంది. ఉప్పు కరిగిన నీరు విద్యుత్తును బాగా పోనిస్తుంది కనుక ఇనుము ఆక్సిజన్‌తో కలిసే చర్య వేగం పుంజుకుంటుంది. తుప్పు ఇనుముకన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకుల మధ్య తుప్పు పడితే అవి ఉబ్బి విడిపోవడం అందుకే. స్క్రూ డ్రైవర్ పిడితో ఛాసిస్‌ను తడుతూ పోతే మంచి ఉక్కు ఖంగుమంటుంది. తుప్పు తినేసిన ఉక్కు డొల్లగా పలుకుతుంది.

బరువేసి ఎత్తు ఎక్కించండి

అమ్మేవాళ్ళు ఖాళీ బండిని చదును రోడ్డుమీద తిప్పి చూపిస్తారు. కొనేవాళ్ళు దాన్ని కంపెనీ అనుమతించినంత బరువుతో, ఎత్తుమీద చూడాలి. హుస్సేనీ ఆలం నుంచి ఫలక్‌నుమా వైపు వెళ్తే ఎక్కుడు దొరుకుతుంది. పదిశాతం వాలున్న చోట 1,550 కిలోల బండిని గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కించడానికి చక్రాల దగ్గర సుమారు 10 హార్స్ పవర్ కావాలి. గేరు బాక్సులో పోయేది కలిపితే పదకొండు. ఆరోగ్యంగా ఉన్న 16 హార్స్ పవర్ ఇంజను దీన్ని తొణక్కుండా చేస్తుంది. అదే వాలుమీద 2,300 కిలోలయితే 16 మొత్తం ఖర్చవుతుంది. దశాబ్దం పాటు అలా మోసిన ఇంజను ఎప్పుడూ తన శక్తి అంచునే పనిచేసిందన్నమాట.

ఎక్కేటప్పుడు వెనక అద్దంలో పొగ చూడాలి, వేడి ముల్లు చూడాలి. రేస్ పెరిగినా వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగింది. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే ఏ పక్కకూ లాగకూడదు. రెండు, మూడు గేర్లు వదిలి పడిపోకూడదు. దిగాక టైర్ల పక్కన ఉన్న నాలుగంకెలు చదవాలి. ‘2319’ అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ముందు టైరు ఒక అంచునే అరిగి ఉంటే అలైన్‌మెంట్, ముందు ఇరుసు చూపించాలి.

కాగితాలు కూడా పరీక్షే

ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండిమీద ఉన్నవాటితో సరిపోవాలి. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు చెరిపి కొట్టినవో కావో తెలుస్తుంది. పాత అప్పు తీరినట్టు ఫారం 35, యాజమాన్యం మార్చడానికి ఫారం 29, 30, వేరే కార్యాలయం పరిధిలోనిదైతే ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం ఉండాలి. ఇవి చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. బయానా ఇచ్చినా రాతపూర్వకంగా ఇవ్వాలి. రవాణా బండికి ఎనిమిదేళ్ళదాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ తప్పదు. 15 ఏళ్ళు దాటిన రవాణా బళ్ళకు ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగింది. పద్నాలుగేళ్ళ బండి చవకగా వస్తుంటే ఆ తర్వాతి ఖర్చును కూడా ధరలో కలుపుకుని చూడాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళమీద 2015 నుంచి కోర్టుల ఆంక్షలు వచ్చాయి. అక్కడి బళ్ళు ఇతర రాష్ట్రాలకు రావడానికి అదొక కారణం. అలాంటి బండికి నిరభ్యంతర పత్రం మరింత జాగ్రత్తగా చూడాలి.

రెండు నిబంధనలు చిన్న కుటుంబాలకు మేలు చేస్తాయి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. 7,500 కిలోల లోపు రవాణా బండిని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. బీమా కంపెనీలతో ఈ విషయంలో ఏళ్ళ తరబడి నడిచిన వివాదం దానితో ముగిసింది.

పొగ ఎవరి ఊపిరిలోకి

చివరి పరీక్ష కొనేవాడి జేబుకు మాత్రమే సంబంధించింది కాదు. డీజిల్ మసి రేణువుల్లో ఎక్కువ భాగం ఒక మైక్రాన్‌కన్నా చిన్నవి. ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషుల్లో కేన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. రెండువైపులా మేడలున్న సన్నటి గల్లీలో గాలి సులువుగా కదలదు. అక్కడ వదిలిన పొగ పై అంతస్తుల కిటికీల దాకా నిలిచి ఉంటుంది. గాజులు అతికే ఆడవాళ్ళు, గుమ్మంలో ఆడుకునే పిల్లలు, దుకాణం మెట్లమీద కూర్చునే పెద్దవాళ్ళు దాన్నే పీలుస్తారు. అందరికన్నా ఎక్కువగా పీల్చేది ఆ బండి డ్రైవరే.

నియమాల ప్రకారం రేస్ ఇచ్చి కొలిచే పరీక్షలో పాత డీజిల్ బండి పొగ సాంద్రత 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, స్టేజ్-4 బండిది 50 దాటకూడదు. కాలుష్య ధ్రువపత్రం చూపిస్తే సరేనని ఊరుకోకండి. మీ ఎదుట, మీరు ఎంచుకున్న కేంద్రంలో కొలిపించండి. రుసుము మీరే కట్టండి. ఆ అంకె మీకు రెండు పనులు చేసిపెడుతుంది. పొగగా వెళ్ళేది మండని డీజిల్ కాబట్టి, పొగ ఎక్కువున్న బండి రోజూ మీ డబ్బు తగలేస్తుందని చెబుతుంది. ఆ బండి మీ గల్లీలోకి రావచ్చో లేదో కూడా చెబుతుంది.

పాత బండి కొనడంలో తప్పేమీ లేదు. ఆయుష్షు మిగిలి ఉన్న ఉక్కును చివరిదాకా వాడుకోవడం మంచి పద్ధతే. మంచి పాత బళ్ళు మార్కెట్లో తప్పకుండా ఉన్నాయి. చల్లటి ఇంజను అందుకునే తీరు, బ్యాక్ కంప్రెషన్, రేడియేటర్, ఛాసిస్, బరువుతో ఎత్తు, పొగ కొలత, కాగితాలు. ఈ ఏడింటికీ ఒక పూట సమయం, ఒక మెకానిక్ కూలి చాలు. వీటిలో చిన్న లోపం తేలితే ఆ మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించమనండి. ఛాసిస్ పగులు, వరద గుర్తు, ఆగని నీలిపొగ కనిపిస్తే ఎంత తగ్గించినా కొనకండి. అమ్మేవాళ్ళు ఈ పరీక్షల్లో దేన్నయినా చేయనివ్వకపోతే వాళ్ళు అప్పటికే జవాబు చెప్పేసినట్టే. లేచి వచ్చేయండి, ఇంకో బండి దొరుకుతుంది.